పద్యనాటకానికి నాలుగు వైర్‌లెస్ మైకులు: జనం చేరేసరికి తెగిపోతాండాయి, ఎట్ల సెట్ చేయల్ల?

పెన్నా గట్టు (కడప జిల్లా):

అన్నలందరికీ నమస్కారం. మైదుకూరు పక్కన పల్లెలో తిరునాళ్ల నాటకానికి సౌండు పెట్టల్ల. ఆరుబయట స్టేజీ, 24 అడుగుల వెడల్పు, పైన రేకులు. స్టేజీ నుంచి మిక్సరు దాకా 60 అడుగులు, నడుమ జనం కూర్చుంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెడితే తెల్లారుజామున నాలుగు దాకా నడుస్తాది. గుడి వెనకాలే సెల్ టవరు ఉండాది.

సామాను చెప్తా. చేతి మైకులు రెండు ఒక సెట్టు, అది 640 నుంచి 690 మెగాహెర్ట్జ్ దాకా మార్చుకోవచ్చు. ఇప్పుడు 650, 651లో ఉండాయి. కాలర్ మైకులు రెండు ఇంకో సెట్టు, అది 740 నుంచి 790; ఇప్పుడు 762, 775. రెండు రిసీవర్లూ మిక్సరు టేబుల్ మీదనే, యాంప్లిఫయర్ పైన ఒకదాని మీద ఒకటి పెట్టినాం.

ఇబ్బందులు మూడు. సాయంత్రం ఖాళీ మైదానంలో చూస్తే నాలుగు మైకులూ శుభ్రంగా పలుకుతాయి. జనం వచ్చి కూర్చున్నాక కాలర్ మైకులు బుస్సుమంటా తెగిపోతాయి, చేతి మైకులు కూడా అప్పుడప్పుడు పోతాయి. రెండోది, పద్యం పైస్థాయికి పోతానే గొంతు పగిలినట్టు వస్తాంది. అదే మైకులో మామూలు మాట వినపడదు, పెంచితే కూత (ఫీడ్‌బ్యాక్). మూడోది, మైకుల్లో వేసే సెల్లులు రెండున్నర గంటలకే అయిపోతాండాయి. కొత్త సెట్టు కొనేముందు ఉన్న సామానుతోనే ఏం చేయొచ్చో చెప్పండి.


హగరి ఒడ్డు (అనంతపురం):

ముందు కాలర్ మైకుల సంగతి చూద్దాం, అసలు దెబ్బ అక్కడే ఉంది. 762, 775 రెండూ ఇప్పుడు సెల్‌ఫోన్ల దారిలో ఉన్నాయి. 700 బ్యాండులో 703 నుంచి 748 దాకా ఫోను నుంచి టవరుకు పోయే దారి, 758 నుంచి 803 దాకా టవరు నుంచి ఫోనుకు వచ్చే దారి. 2022 వేలంలో జియో ఈ బ్యాండును 22 సర్కిళ్లలోనూ కొని 5జీకి వాడుతోంది. టవరు వదిలేది పదుల వాట్లు. మీ కాలర్ మైకు వదిలేది సుమారు 10 మిల్లీవాట్లు. అది గుడి వెనక, ఇది నటుడి నడుముకు. పోటీ ఎట్లా ఉంటుందో చూడండి.

సాయంత్రం బాగుండి రాత్రికి చెడిపోవడానికి కూడా కారణం ఇదే. వాడేవాళ్లు లేనప్పుడు 5జీ టవరు ఎక్కువగా పలకదు. ఐదారు వందల మంది ఫోన్లు తీసి వీడియోలు చూస్తే, పంపితే టవరూ నిండుగా పలుకుతుంది, ఆ ఫోన్లూ మీ రిసీవరు చుట్టూరా 703 నుంచి 748లో పలుకుతాయి. మీ రిసీవరు ముఖద్వారం 740 నుంచి 790 దాకా తెరిచే ఉంటుంది కాబట్టి, పక్కన ఉన్న ఫోను బలానికి అసలు సిగ్నలు కూడా మునిగిపోతుంది. ఖాళీ మైదానంలో చేసిన పరీక్షను అందుకే నమ్మకూడదు.

ఉన్న సెట్టుతో ఒక దారి ఉంది. ఆ రెండు దారుల నడుమ 748 నుంచి 758 దాకా ఒక గట్టు వదిలారు. మీ కాలర్ సెట్టు 740 నుంచి మొదలవుతుంది కదా, ఒక మైకును 751కి, ఇంకోదాన్ని 754కి మార్చి చూడండి. చాలా తేడా కనపడాలి. కానీ ఇది తాత్కాలికమే. రెండు వైపులా వరద, నడుమ గట్టు మీద నిలబడినట్టే. తర్వాత కొనేది ఏదైనా 700 కింద ఉండేటట్టు చూసుకోండి. రిసీవరు వెనక స్టిక్కరు మీద 470కీ 698కీ నడుమ అంకెలు ఉండాలి. అమెరికాలో 2010 జూన్ 12 నుంచి 700 బ్యాండులో వైర్‌లెస్ మైకులు వాడటమే ఆపేశారు. తక్కువ ధర చూసి ఆ బ్యాండు సెట్టు తీసుకుంటే, ధర తగ్గింది ఎందుకో నాటకం రాత్రి తెలుస్తుంది. మన దగ్గర అదే 2022 వేలంలో 600 బ్యాండును ఎవరూ కొనలేదు, అందువల్ల మీ చేతి మైకుల 640-690 ప్రస్తుతానికి మంచి చోటే.

ఇక చేతి మైకులు తెగడానికి కారణం రిసీవరు ఉన్న చోటు. మనిషి శరీరం ఎక్కువ భాగం నీళ్లే, ఈ తరంగాలను తాగేస్తుంది. మైకు పట్టుకున్న నటుడి చేయి, తర్వాత 60 అడుగుల జనం, తర్వాత టేబుల్ ఎత్తులో యాంటెన్నా. ఇన్ని దాటి వచ్చే సిగ్నలు మీద ఎవరో ఒకరు లేచి నిలబడితే చాలు, తెగుతుంది.

రిసీవర్లు రెండూ స్టేజీ పక్కకు మార్చండి. తెర పక్కన, నటులు కనపడే చోట, నేల నుంచి 6, 7 అడుగుల ఎత్తున స్టాండు మీదో గట్టి బల్ల మీదో పెట్టండి. నటుడికీ యాంటెన్నాకూ మధ్య కనీసం 10 అడుగులు ఉంచండి. మరీ దగ్గరైతే సిగ్నలు పొంగి రిసీవరు తికమక పడుతుంది. అక్కడి నుంచి మిక్సరుకు ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు (మూడు పిన్నుల మైకు వైరు) లాగండి. బ్యాలెన్స్‌డ్ (దారిలో గోల పట్టుకోని) ఆడియో వైరు 100 అడుగులు లాగినా ఏమీ పోదు. మీ రిసీవరుకు ఎక్స్‌ఎల్‌ఆర్ లేకుండా ఒక్క పావు అంగుళం మిక్స్ అవుట్ మాత్రమే ఉంటే, దాన్ని అట్లాగే 60 అడుగులు లాగొద్దు, హమ్మింగ్ పట్టుకుంటుంది. రిసీవరు పక్కనే పాసివ్ డీఐ బాక్సు (మామూలు సిగ్నలును బ్యాలెన్స్‌డ్‌గా మార్చే డబ్బా) పెట్టి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు తీసుకోండి. మిక్సరులో దాన్ని మైక్ ఇన్‌పుట్టుకే ఇవ్వాలి, ఫాంటమ్ పవర్ (మైకు వైరులోకి మిక్సరు పంపే కరెంటు) ఆపేయాలి.

రెండు రిసీవర్లను ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు యాంటెన్నాలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి. పక్కపక్కన అడుగు ఎడంగా పెట్టండి. ఒక్కో రిసీవరు యాంటెన్నాలు రెండూ ఇంగ్లిష్ 'వి' అక్షరంలాగా వంచి నిలబెట్టండి. 650 దగ్గర అల పొడవు సుమారు 46 సెంటీమీటర్లు. యాంటెన్నా కొసలు దానిలో పావు వంతు, అంటే 12 సెంటీమీటర్లకు తగ్గకుండా ఎడంగా ఉంటేనే ఒకదానికి అందనిది ఇంకోదానికి అందుతుంది. ఇనుప స్తంభానికి ఆనించొద్దు, పైన రేకుకు మూడు అడుగులైనా కింద ఉంచండి. యాంప్లిఫయర్ మీద అసలు వద్దు. ఇంకో మాట, సీరియల్ లైట్ల డ్రైవర్లు, చవక అడాప్టర్లు, ఎల్ఈడీ తెర, ఇవన్నీ గోల చేసేవే. ఎల్ఈడీ తెర ఉంటే 10, 15 అడుగులు దూరం జరగండి. అనుమానం వస్తే మైకులన్నీ ఆపి, రిసీవరు మీద సిగ్నలు పుల్లలు (బలం చూపే గీతలు) చూస్తూ లైట్ల స్విచ్చులు ఒక్కొక్కటే వేయండి. ఏ స్విచ్చు వేస్తే పుల్ల లేస్తుందో దొంగ అదే.

స్క్వెల్చ్ మర (సిగ్నలు బలహీనమైతే మోత రాకుండా శబ్దం ఆపేసేది) కూడా చూసుకోండి. మైకు ఆపి, రిసీవరులో బుస్సుమనే మోత ఆగేదాకా తిప్పి, దాని మీద కాస్త పైకి పెట్టి వదిలేయండి. తెగిపోతోందని దాన్ని పూర్తిగా తిప్పితే మైకు అందే దూరం సగానికి పడిపోతుంది. చాలామంది పొరపాటు అక్కడే.


హంద్రీ (కర్నూలు):

సెల్లుల గురించి నేను చెప్తాను. గడియారాలకు, రిమోట్లకు వేసే మామూలు జింక్ సెల్లులు మైకుకు పనికిరావు. మైకు ఆగకుండా వంద మిల్లీఆంపియర్లకు పైన లాగుతుంది, ఆ లాగుడుకు వాటి వోల్టేజీ కుంగిపోతుంది. రెండున్నర గంటలకే అయిపోతున్నాయంటే మీరు వేసేవి అవే అయి ఉంటాయి. పెన్సిల్ సెల్లుల్లో ఆల్కలైన్ అని రాసి ఉన్నవే తీసుకోండి. రాత్రంతా నడిచే నాటకానికి నాలుగు మైకులకు మొదట ఎనిమిది, నడిమధ్యలో మార్చడానికి ఎనిమిది, పొరపాటుకు నాలుగు, మొత్తం ఇరవై.

చార్జింగ్ సెల్లులు వాడేటట్టయితే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, 2000 మిల్లీఆంపియర్ అవర్లకు తగ్గనివి. ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి మైకు మీద గీతలు మొదటి నుంచే ఒకటి తక్కువ చూపిస్తాయి, అది లోపం కాదు. కష్టం ఏమంటే, అవి చివరిదాకా ఒకే వోల్టేజీ ఇచ్చి ఒక్కసారిగా పడిపోతాయి. గీత చూసి మార్చుదామంటే కుదరదు, గడియారం చూసి మార్చాలి. అర్ధరాత్రి దాటాక ఏదో ఒక రంగం మారేచోట నాలుగు మైకులకూ ఒకేసారి మార్చేయండి, ఎన్ని గీతలున్నా సరే. పాతదీ కొత్తదీ ఒకే మైకులో కలపొద్దు. నాటకం అయిపోయాక సెల్లులు తీసేసి పెట్టెలో పెట్టండి. మన ఎండలకు కారు డిక్కీలో మైకులోనే వదిలేస్తే సెల్లు కారి స్ప్రింగు పచ్చగా తుప్పు పడుతుంది. ఆ పచ్చదనం కొంచెం ఉన్నా మైకు ఊపినప్పుడల్లా తెగుతుంది, జనం ఫ్రీక్వెన్సీ మీద నింద వేస్తారు.


రాగుల గడ్డ (కర్నూలు జిల్లా):

గొంతు పగలడం, మాట వినపడకపోవడం, కూత. ఈ మూడూ వేరువేరు జబ్బులు కావు. ట్రాన్స్‌మిటర్లో (మైకు సిగ్నలు పంపే భాగం) గెయిన్ (గొంతును పెంచే మోతాదు) ఎక్కువ, మిక్సరులో తక్కువ, మైకు నోటికి దూరం. అంతే.

పద్యనాటకం మైకుకు కఠిన పరీక్ష. ఒకే మనిషి సంభాషణ నెమ్మదిగా చెప్తాడు, మరుక్షణం పద్యం ఎత్తుకుని రాగాలాపనలో పైషడ్జం మీద నిలబడతాడు. సర్దుబాటు మాటకు చేసుకుంటే రాగంలో పగులుతుంది. కాబట్టి ఎప్పుడూ రాగానికే చేసుకోవాలి.

ఎట్లా చేయాలంటే, కాలర్ మైకు ట్రాన్స్‌మిటర్ మూత తీయండి, లోపల చిన్న మర ఉంటుంది, లేకపోతే మెనూలో సున్నా, మైనస్ 10 అని ఉంటుంది. నటుణ్ణి వేషంలోనే నిలబెట్టి, రాత్రి పాడేంత గట్టిగా, ఉన్న పద్యాల్లో పెద్ద పద్యం చివరి రాగం తీయమనండి. 'హలో, మైక్ టెస్టింగ్' అనిపించుకుని సెట్ చేస్తే రాత్రికి తప్పకుండా పగులుతుంది. రిసీవరు మీద ఎర్ర లైటు రాగం శిఖరంలో ఎప్పుడో ఒకసారి మెరిసి ఆరిపోవాలి. ఆగకుండా వెలుగుతుంటే గెయిన్ తగ్గించండి. అసలు మెరవకపోతే పెంచండి, ఎందుకంటే అక్కడ మరీ తక్కువ పెడితే తర్వాత పెంచినప్పుడు బుస్సుమనే మోత కూడా పెరుగుతుంది. ట్రాన్స్‌మిటర్లో పగిలిన గొంతును మిక్సరులో ఏం చేసినా బాగు చేయలేం.

తర్వాత రిసీవరు వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి మరిచిపోండి. రిసీవరు వెనక మైక్, లైన్ అని స్విచ్చు ఉంటే, మిక్సరు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్టుకు ఇచ్చేటప్పుడు మైక్ వైపు ఉంచండి. లైన్ వైపు ఉండిపోతే మిక్సరు గెయిన్ పూర్తిగా తగ్గించినా పగులుతూనే ఉంటుంది. అహూజా లాంటి మిక్సర్ యాంప్లిఫయర్లకు నేరుగా ఇచ్చేవాళ్లు కూడా మైక్ ఇన్‌పుట్టుకు ఇస్తున్నామా, ఆక్స్‌కు ఇస్తున్నామా చూసుకోవాలి. ఆ తర్వాతే మిక్సరు గెయిన్. ఛానెల్లో లో కట్ మీట ఉంటే నొక్కండి. 80, 100 హెర్ట్జ్ కింద గొంతులో ఏమీ ఉండదు, గాలి, చెక్క స్టేజీ మీద అడుగుల చప్పుడు మాత్రమే ఉంటాయి.

ఇక కూత. కాలర్ మైకును ఛాతీ మీద, గడ్డానికి 20 సెంటీమీటర్ల కింద పెట్టి ఉంటారు. అదే మైకును నోటికి 5 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే గొంతు 12 డెసిబెల్లు పెరుగుతుంది, కూతకు ఏమీ పెరగదు. ఇంత పెద్ద లాభం ఏ ఈక్వలైజరూ ఇవ్వదు. అందుకని పద్యాలు ఎక్కువున్న పాత్రకు చెంప మీదుగా వచ్చే హెడ్‌సెట్ మైకు పెట్టండి. గోళీ (మైకు కొస) నోటికి ఎదురుగా కాదు, పెదవి మూల దగ్గర పక్కకు ఉండాలి, లేకపోతే 'ప', 'భ' అన్నప్పుడల్లా ఊపిరి డబ్‌మంటుంది. హెడ్‌సెట్ కొనేటప్పుడు పిన్ను మీ ట్రాన్స్‌మిటరుదేనా చూసుకోండి. షూర్ వాళ్లది నాలుగు పిన్నుల మినీ ఎక్స్‌ఎల్‌ఆర్, సెన్‌హైజర్ ఎవల్యూషన్ వాటిది మర ఉన్న 3.5 పిన్ను. ఆకారం ఒకటే అయినా లోపల తీగల క్రమం కంపెనీకి ఒకరకంగా ఉంటుంది.

కిరీటం ఉన్న వేషానికి ఇంకో పద్ధతి ఉంది. గోళీని నుదుటి మీద, టోపా (విగ్గు) అంచు కిందకి రెండు మిల్లీమీటర్లు కనపడేటట్టు పెట్టి, వైరును టోపా లోపలి నుంచి మెడ వెనకకు దించండి. తల ఎటు తిప్పినా నోటికి దూరం మారదు. మెడ మీద ఒకచోట, వీపు మీద ఒకచోట మైక్రోపోర్ టేపు అంటించండి, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. మెడ దగ్గర టేపుకు ముందు వైరును చిన్న చుట్ట తిప్పి వదిలితే తల వంచినప్పుడు గోళీని లాగదు. కిరీటం రేకు గోళీకి తగలకూడదు, తగిలితే అడుగు వేసినప్పుడల్లా టిక్కుమంటుంది. నుదుటి చెమట గోళీలోకి దిగితే ఒక్కసారిగా గొంతు దుప్పటి కప్పినట్టు అవుతుంది. రంగం మారేటప్పుడు మెత్తటి బట్టతో అద్దండి, నోటితో ఊదొద్దు.

ట్రాన్స్‌మిటర్ ఎక్కడ కడుతున్నారో కూడా చూడండి. వడ్డాణం, అట్టకు అంటించిన రేకు కవచం, జరీ, ఇవన్నీ లోహమే. యాంటెన్నా తీగ వాటి కింద నలిగితే సగం సిగ్నలు అక్కడే చస్తుంది. నడుము వెనక గుడ్డ సంచిలో కట్టి, తీగ చుట్టకుండా, మడవకుండా నిటారుగా వేలాడనివ్వండి. చెమట పట్టకుండా సన్నటి ప్లాస్టిక్ కవరులో పెట్టండి, తీగ మాత్రం కవరు బయట ఉండాలి.


వేరుశనగ (అనంతపురం):

ఇంత తలనొప్పి ఎందుకు, ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ మైకులు వస్తున్నాయి కదా. చొక్కాకు తగిలించుకునేవి. ఫ్రీక్వెన్సీ చూసుకునే పనే లేదు.


హగరి ఒడ్డు (అనంతపురం):

తరగతి గదికి, వీడియో తీసుకోవడానికి అవి చాలా మంచివి. ఈ పనికి మాత్రం వద్దు. 2.4లో ఉన్న చోటంతా కలిపి 83.5 మెగాహెర్ట్జ్, అందులోనే వైఫై, బ్లూటూత్, జనం ఆన్ చేసే హాట్‌స్పాట్‌లు. పైగా ఆ అల పొడవు 12 సెంటీమీటర్లే, మనిషి అడ్డం వస్తే 600 కన్నా ఎక్కువగా తెగుతుంది. స్టేజీ మీద పదిమంది తిరుగుతుంటే నిలవదు.


పెన్నా గట్టు (కడప జిల్లా):

ఇంత వివరంగా రాసినందుకు శానా థ్యాంక్స్ అన్నా. 751, 754కు మారుస్తాం, రిసీవర్లు స్టేజీ కాడికి తెస్తాం. ఇంకా రెండు సందేహాలు. చేతి మైకుల సెట్టు ఇంకొకటి పక్క ఊర్లో ఉండాది, అది కూడా 640-690. కాలర్ మైకులు నిలవకపోతే అది తెచ్చి నాలుగూ చేతి మైకులే పెట్టుకుందామని. అప్పుడు గుర్తుండేటట్టు 650, 651, 652, 653 అని పెట్టుకోవచ్చునా? రెండోది, రిసీవరు మిక్సరు కాడే ఉంచి యాంటెన్నాలకు వైరు పొడిగించి స్టేజీ దగ్గరికి తీసుకుపోతే కాదా? రిసీవరు కంటిముందు ఉంటే మంచిది కదా.


హగరి ఒడ్డు (అనంతపురం):

650, 651, 652, 653 మాత్రం వద్దు. వరసగా సమదూరంలో పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అమరిక. రెండు మైకులు దగ్గరదగ్గరగా వచ్చినప్పుడు, వాటి లోపలా రిసీవరు లోపలా రెండు తరంగాలు కలిసి మూడోదాన్ని పుట్టిస్తాయి. లెక్క సులభం: ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేయాలి. 651ని రెట్టింపు చేస్తే 1302, అందులోంచి 650 తీస్తే 652. అంటే మొదటి రెండు మైకులూ కలిసి మూడో మైకు నెత్తిన కూర్చుంటాయి. అట్లాగే 651, 652 కలిసి 653 మీద పడతాయి. ఇద్దరు నటులు వాదులాడుకుంటూ ముఖాముఖి వచ్చినప్పుడే మూడోవాడి మైకు గరగరలాడుతుంటే కారణం ఇదే అయి ఉంటుంది.

650, 651, 654, 656 పెట్టండి. వీటిలో ఏ రెండింటి తేడా తీసినా 1, 2, 3, 4, 5, 6 వేరువేరుగా వస్తాయి, ఏ తేడా రెండోసారి రాదు. తేడాలు మళ్లీ రాకపోతే ఈ రకం దొంగ సిగ్నళ్లు ఏ మైకు మీదా పడవు. ఐదోది కావాలంటే 650, 651, 654, 659, 661. మొదటి అంకె ఏదైనా ఫర్వాలేదు, తేడాలు ఇవే ఉంచితే చాలు. మీ సెట్టులో గ్రూపు, ఛానెల్ పద్ధతి ఉంటే ఇంకా నయం. రెండు సెట్లూ ఒకే కంపెనీ ఒకే రకం అయితే రెండింటినీ ఒకే గ్రూపులో పెట్టి ఛానెల్ నంబర్లు మాత్రం మార్చండి. ఆ లెక్క కంపెనీవాళ్లు ముందే చేసి పెట్టారు.

పెట్టే క్రమం ఇది. మైకులన్నీ ఆపేయండి, రిసీవర్లు మాత్రం వేయండి. లైట్లు, జనరేటరు, ఎల్ఈడీ తెర అన్నీ రాత్రి ఉన్నట్టే నడుస్తుండాలి. మైకు ఆగి ఉన్నా ఏదైనా రిసీవరులో సిగ్నలు పుల్లలు లేస్తే ఆ చోటు బాగాలేదని అర్థం, తేడాలు చెదరకుండా నాలుగింటినీ కలిపి ఐదారు మెగాహెర్ట్జ్ జరపండి. శుభ్రంగా ఉంటే మొదటి మైకు వేసి సింక్ చేయండి (రిసీవరు ఫ్రీక్వెన్సీని మైకుకు ఎక్కించండి), అది వేసే ఉంచి రెండోది, తర్వాత మూడోది, నాలుగోది. ఒక రిసీవరుకు సింక్ చేసేటప్పుడు మిగతా మైకుల ఇన్‌ఫ్రారెడ్ కళ్లు దానికి ఎదురుగా లేకుండా చూడండి, లేకపోతే రెండు మైకులు ఒకే ఫ్రీక్వెన్సీ తీసుకుంటాయి. అప్పుడు రెండూ కలిసి ఈలవేసినట్టు అరుస్తాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. నాలుగూ వేసి, రెండేసి అడుగుల ఎడంలో నలుగురిని నిలబెట్టండి. ఒక మైకు ఆపండి. దాని రిసీవరులో సిగ్నలు సున్నాకు రావాలి. రాకుండా పుల్లలు నిలబడితే మిగతా మూడింటి దొంగ సిగ్నలు దాని మీద పడుతోందన్నమాట, దాన్ని మార్చాలి. ఇట్లా నాలుగింటికీ. చివర ఒక్కొక్కరు మాట్లాడుతూ స్టేజీ నాలుగు మూలలకూ, తెర వెనకకూ నడవాలి. రిసీవరు మీద రెండు యాంటెన్నాల లైట్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ వెలగడం మామూలే, రెండూ ఒకేసారి ఆరిపోతే ఆ చోటు గుర్తుపెట్టుకుని రిసీవరు రెండు అడుగులు జరిపి మళ్లీ నడిపించండి. జనం వచ్చాక ఇదే పరీక్ష ఇంకోసారి, నాటకానికి ముందు ప్రార్థన జరిగేటప్పుడు చేయొచ్చు.

యాంటెన్నా వైరు సంగతి. సన్నటి ఆర్‌జీ-58 వైరు 10 మీటర్లకే దగ్గరదగ్గర 4 డెసిబెల్లు తినేస్తుంది, అంటే సగానికి పైగా సిగ్నలు వైరులోనే పోతుంది. మీకు 20 మీటర్లు కావాలి. టీవీ డిష్‌కు వాడే ఆర్‌జీ-6 దానికన్నా మేలు, అందులో సగమే పోతుంది. 50 ఓములకు బదులు 75 ఓములు కావడం వల్ల పోయేది లెక్కలోకి రానంత. అయినా ఇంకో చిక్కు ఉంది. రిసీవరు వెనక ఉండే పొట్టి పావు అల యాంటెన్నాలు రిసీవరు లోహపు డబ్బాను ఆసరా చేసుకుని పనిచేస్తాయి. వైరు కొసకు తగిలించి గాలిలో వదిలితే సరిగా పనిచేయవు. దానికి సగం అల యాంటెన్నా గానీ, తెడ్డు ఆకారపు యాంటెన్నా గానీ కొనాలి. రిసీవరును స్టేజీ దగ్గరికి తీసుకుపోయి ఆడియో వైరు లాగడంలో ఇవేవీ లేవు. కంటిముందు ఉండాలన్న మాట నిజమే, అందుకు ఒక పిల్లవాణ్ణి అక్కడ కూర్చోబెట్టి, లైట్లు ఆరితే చేయి ఎత్తమనండి.


రాగుల గడ్డ (కర్నూలు జిల్లా):

నాలుగూ చేతి మైకులే అయితే నటులకు రెండు విషయాలు ముందే చూపించండి. చెప్తే సరిపోదు, చేతిలో పెట్టి చూపించాలి. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే, ముందు నుంచి వచ్చే గొంతునే తీసుకునే మైకు అన్ని వైపుల నుంచీ తీసుకోవడం మొదలుపెడుతుంది, వెంటనే కూత. మైకు అడుగు భాగాన్ని పట్టుకుంటే యాంటెన్నా అక్కడే ఉంటుంది కాబట్టి సిగ్నలు తెగుతుంది. పట్టుకోవాల్సింది నడుమ. నోటికి రెండు వేళ్ల దూరం, రాగం ఎత్తుకున్నప్పుడు జానెడు వెనక్కి.

బాక్సులు స్టేజీ అంచుకు ముందు, మైకులు వాటి వెనక ఉండాలి. హార్మోనియం మైకు వైరుదే పెట్టండి, కదలని దానికి వైర్‌లెస్ దండగ. తెరుచుకుని ఉన్న మైకులు రెట్టింపయిన కొద్దీ కూతకు ముందు దొరికే జాగా 3 డెసిబెల్లు తగ్గుతుంది. నాలుగూ తెరిచి ఉంచితే ఒక్కదాని కన్నా 6 డెసిబెల్లు పోయినట్టే. అందువల్ల మాట్లాడని పాత్ర ఫేడరు (మిక్సరులో శబ్దం పెంచే, తగ్గించే మీట) దించే ఉంచండి. ఎవరు ఎప్పుడు వస్తారో కాగితం మీద రాసుకుని మిక్సరు పక్కన అంటించండి.

కూత ఏ స్వరంలో వస్తుందో పట్టుకోవాలంటే, స్టేజీ మీద మైకు స్టాండుకు పెట్టి, మనిషి లేకుండా ఫేడరు మెల్లగా ఎత్తండి. మొదట మోగే స్వరాన్ని గ్రాఫిక్ ఈక్వలైజరులో 3 నుంచి 6 డెసిబెల్లు దించండి. మళ్లీ ఎత్తండి, రెండోది దించండి. మూడు, నాలుగు చోట్లకు మించి కోయొద్దు, గొంతు చచ్చిపోతుంది. చివర దొరికిన స్థాయికి 6 డెసిబెల్లు కింద నాటకం నడపండి.

మైకు ఆపాలనుకున్నప్పుడు నటుడు మైకు స్విచ్చు ముట్టకూడదు. ముందు మిక్సరులో ఫేడరు దించాలి, తర్వాత మైకు ఆపాలి, ఆఖరున రిసీవరు. మొదలుపెట్టేటప్పుడు ఫేడర్లు దించి రిసీవరు వేయాలి, తర్వాత మైకు, సిగ్నలు లైటు నిలబడ్డాక ఫేడరు. సెల్లులు మార్చేటప్పుడు కూడా ఇదే వరస. మైకుల స్విచ్చులకు లాక్ ఉంటే లాక్ చేయండి, లేకపోతే ఆన్ చేసి మీద చిన్న టేపు ముక్క అంటించండి.